తల దాచుకునే చోటు ఇచ్చిన కొత్వాల్: రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవితం

ఏటా జూన్, జూలై నెలల్లో బాన్సువాడ బస్టాండ్ నుంచి హైదరాబాద్‌కు పోయే బస్సుల్లో కొత్త బ్యాగులు, బకెట్లు, చుట్టిన పరుపులు ఎక్కువ కనిపిస్తాయి. ఇంటర్ అయిపోయిన పిల్లలు డిగ్రీకో, కోచింగ్‌కో, ఏదైనా పని నేర్చుకోవడానికో పట్నం పోతుంటారు. చాలామందికి అక్కడ ఒక అడ్రస్ ఉంటుంది. మామూ ఇల్లో, ఖాలా ఇల్లో, లేకపోతే ముందే డబ్బు కట్టిన హాస్టలో. కొందరికి మాత్రం ఏ అడ్రసూ ఉండదు. అమ్మానాన్న లేనివాళ్లు, తండ్రి గల్ఫ్‌లో చనిపోతే కిరాయి కట్టలేక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు, అనాథాశ్రమంలో పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వచ్చినవాళ్లు వీళ్లు. ఫీజు సంగతి తర్వాత, ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలె అన్నదే వాళ్ల మొదటి సమస్య.

ఈ సమస్య కొత్తది కాదు. నూరేళ్ల కిందట హైదరాబాద్ రాజ్యంలో దీన్ని గట్టిగా పట్టుకుని, ఒక మనిషి దయ మీద ఆధారపడని పరిష్కారం చూపించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన పెద్ద చదువులు చదివినవారు కాదు, పోలీసు అధికారి. హైదరాబాద్ నగర కొత్వాల్‌గా పద్నాలుగేళ్లు పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. పదిహేడేళ్ల వయసులో ఆయనే ఒకరి నీడ కోసం చూడాల్సి వచ్చింది. ఆ నీడ ఇచ్చింది ఒక ముస్లిం అధికారి. అందుకే ఈ కథ మన ఇళ్లలో కూడా చెప్పుకోవాల్సిన కథ.

అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్లవాడు

వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి ప్రాంతంలోని రాయణిపేట అనే ఊళ్లో పుట్టారు. అప్పుడు అది నిజాం రాజ్యం, మహబూబ్‌నగర్ వైపు పల్లె. వనపర్తి, గద్వాల లాంటి సంస్థానాల రాజులు నిజాం కింద తమ తమ ప్రాంతాలను ఏలుతున్న రోజులవి. అదే 1869లో హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రెండున్నరేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని గద్దెనెక్కారు. అంటే ఆ ఏడాది రాజ్యానికే ఒక యతీం పిల్లవాడు రాజయ్యాడు.

వెంకటరామారెడ్డి పసిగుడ్డుగా ఉండగానే తల్లి చనిపోయింది. అమ్మమ్మ పెంచింది. కొంత పెద్దయ్యాక మేనమామ తన దగ్గరికి తెచ్చుకుని చదివించారు. అప్పట్లో చదువంటే ఇప్పటిలా క్లాసులు, సర్టిఫికెట్లు కాదు. ఊళ్లో వీధి బడి, తర్వాత ఉర్దూ, ఫార్సీ నేర్పే మౌల్వీ సాబ్. ఉర్దూ, ఫార్సీ వస్తేనే సర్కారు కొలువు. ఆయన తెలుగుతో పాటు ఆ రెండు భాషలూ బాగా నేర్చుకున్నారు. ఉద్యోగాల్లో తిరిగేటప్పుడు కన్నడ, మరాఠీ కూడా పట్టుబడ్డాయి.

తల్లి లేని పిల్లవాడికి అమ్మమ్మ, ఆ తర్వాత మేనమామ. మన ఇళ్లలో కూడా చాలాసార్లు ఇట్లనే జరుగుతుంది. చుట్టాలు చేరదీస్తారు, పిల్లవాడు పెరుగుతాడు. కానీ ఈ ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. అది ఒక్క మనిషి మీద నిలబడి ఉంటుంది. ఆ మనిషి పోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. వెంకటరామారెడ్డికి సరిగ్గా అదే జరిగింది. ఆయనకు పదహారు, పదిహేడేళ్లు ఉన్నప్పుడు మేనమామ కూడా చనిపోయారు.

నజర్ మహమ్మద్ ఖాన్ చేయి

ఆ వయసు మీరు గమనించండి. పదేళ్ల పిల్లవాడైతే ఎవరో ఒకరు జాలిపడి అన్నం పెడతారు. పాతికేళ్ల మనిషైతే తన బతుకు తాను చూసుకుంటాడు. పదిహేడేళ్ల కుర్రాడు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాడు. ఇల్లు అడిగితే పెద్దవాడివైనవు కదా అంటారు. పని అడిగితే ఇంకా చిన్నోడివి అంటారు. ఈరోజు కూడా మన దగ్గర ఎక్కువగా జారిపోయేది ఈ వయసు పిల్లలే.

అప్పుడు ముందుకొచ్చింది మేనమామ స్నేహితుడు నజర్ మహమ్మద్ ఖాన్. పోలీసు శాఖలో పెద్ద అధికారి. చనిపోయిన స్నేహితుడి మేనల్లుడిని తనతో తీసుకుపోయారు. తిండి, నీడ ఇవ్వడంతో ఆగిపోలేదు. కుర్రాడి తెలివి, భాషల మీద పట్టు చూసి పోలీసు శాఖలో కొలువు ఇప్పించారు. రాయచూరు జిల్లాలోని ముద్గల్‌కు అమీన్‌గా పంపారు. అమీన్ అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్ లాంటి ఉద్యోగం. ఆ ముద్గల్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1886 ప్రాంతంలో జరిగిన సంగతి ఇది.

ఇక్కడ రెండు పనులు కలిసి జరిగాయి. ఒకటి, నిలవడానికి చోటు దొరికింది. రెండు, సొంత కాళ్ల మీద నిలబడే దారి దొరికింది. చోటు మాత్రమే ఇచ్చి దారి చూపకపోతే మనిషి ఎప్పటికీ ఇంకొకరి ఇంట్లో అతిథిగానే ఉండిపోతాడు. దారి చూపించి చోటు ఇవ్వకపోతే ఆ దారిలో రెండు అడుగులు కూడా పడవు. నజర్ మహమ్మద్ ఖాన్ రెండూ ఇచ్చారు. తర్వాత ముప్పై ఏళ్లకు వెంకటరామారెడ్డి కట్టిన సంస్థలోనూ ఈ రెండే కనిపిస్తాయి.

జిల్లాల నుంచి రాజధానికి

అమీన్‌గా మొదలైన ఉద్యోగం నిజాం రాజ్యంలోని అనేక తాలూకాలు, జిల్లాలు తిప్పింది. మెట్టు మెట్టుగా పైకి వచ్చారు. దొంగతనాలు, భూమి తగాదాలు, కరువు రోజుల్లో ఊళ్లు విడిచి పోయే జనం, అన్నీ దగ్గర నుంచి చూశారు. కింది స్థాయి పోలీసు ఉద్యోగం చేసినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఠాణాకు వచ్చే కుర్రాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. కొందరికి పడుకోవడానికి ఒక చాప, అడగడానికి ఒక పెద్దమనిషి ఉంటే ఠాణా దాకా వచ్చేవాళ్లే కాదు.

మధ్యలో కొంతకాలం వనపర్తి సంస్థానం వ్యవహారాలు కూడా చూశారు. తర్వాత హైదరాబాద్ నగర కొత్వాల్ నవాబ్ ఇమాద్ జంగ్ ఆయన పనితనం చూసి నగరానికి తెచ్చుకుని తన సహాయకుడిగా పెట్టుకున్నారు. మళ్లీ ఒక ముస్లిం అధికారి చేయూతే. ఆ కాలంలో మతం వేరైనా ఉర్దూ ఒకటే, దఫ్తరు ఒకటే, దస్తర్‌ఖాన్ కూడా చాలాసార్లు ఒకటే.

ఆయన వచ్చేనాటికి హైదరాబాద్ కష్టాల్లో ఉన్న నగరం. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేల ఇళ్లను ఊడ్చుకుపోయింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత ప్లేగు వచ్చింది. ఇళ్లు లేని పేదల కోసం, ఇరుకు బస్తీలను బాగుచేయడం కోసం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. కుటుంబాలకు ఇళ్లు కట్టే పని అట్ల మొదలైంది. కానీ ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చే కుర్రాడి గురించి ఆలోచించే ఏర్పాటు మాత్రం లేదు.

చదువు ఉంది, చాప లేదు

అప్పటి లెక్క ఒకసారి చూద్దాం. జిల్లాల్లో హైస్కూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కాలేజీ చదువు కావాలంటే హైదరాబాద్ రావాల్సిందే. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉస్మానియా యూనివర్సిటీ స్థాపించారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత చదువు, దేశంలోనే కొత్త ప్రయోగం. పల్లెల పిల్లలకు తలుపు తెరుచుకుంది. కానీ తలుపు దాకా వచ్చిన పిల్లవాడు ఎక్కడ ఉండాలె? ఏం తినాలె?

పట్నంలో చుట్టాలు ఉన్నవాళ్లు వాళ్ల ఇళ్లలో ఉండేవాళ్లు. వారాలు చేసుకుని, అంటే రోజుకొక ఇంట్లో తిని చదివినవాళ్లు ఉన్నారు. గుడి మండపాల్లో, మసీదు హుజ్రాల్లో, దుకాణాల అరుగుల మీద పడుకున్నవాళ్లు ఉన్నారు. చాలామంది ఇదంతా తెలిసే అసలు ఊరు దాటలేదు. ఆ రోజుల్లో చదువు ఆగిపోయిన పిల్లలందరూ తెలివి లేక ఆగిపోలేదు. పట్నంలో ఒక మంచం దొరక్క ఆగిపోయినవాళ్లు ఎక్కువ.

వెంకటరామారెడ్డి ఈ సంగతి గుర్తించారు. తాను ఉన్న పదవిలో పదిమంది పిల్లలను ఇంట్లో పెట్టుకుని చదివించడం ఆయనకు పెద్ద పని కాదు. చాలామంది పెద్దలు అట్లనే చేసేవాళ్లు, పేరు కూడా వచ్చేది. ఆయన ఇంకో దారి ఎంచుకున్నారు. తాను ఉన్నా లేకపోయినా నడిచే ఏర్పాటు కావాలనుకున్నారు. మేనమామ పోయిన రోజు ఏమవుతుందో ఆయనకు తెలుసు.

1918: రెడ్డి హాస్టల్

1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. సంస్థానాల రాజులు, జిల్లాల్లోని దేశ్‌ముఖులు, భూస్వాముల దగ్గరికి ఆయన స్వయంగా తిరిగి చందాలు సేకరించారు. పోలీసు అధికారి వచ్చి అడిగితే కాదనడం కష్టమే, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. కానీ వచ్చిన డబ్బు ఏమైందన్నదే అసలు ప్రశ్న. అది చందా పుస్తకంలో అంకెగా మిగిలిపోలేదు. భవనమైంది, వంటశాల అయింది, గ్రంథాలయమైంది.

కామర్స్ చదివినవాళ్లకు ఒక తేడా తెలుస్తుంది. భవనం కట్టడం ఒక్కసారి అయ్యే ఖర్చు. హాస్టల్ నడపడం నెల నెలా అయ్యే ఖర్చు. మన దగ్గర చందాలన్నీ మొదటిదానికే వస్తాయి, ఎందుకంటే రాయి మీద పేరు పడుతుంది. బియ్యానికి, కరెంటు బిల్లుకు, వంటమనిషి జీతానికి ఎవరి పేరూ రాయరు. అందుకే ఎన్నో మంచి భవనాలు తాళాలు పడి ఉంటాయి. రెడ్డి హాస్టల్ నిలబడిందంటే దానికి ఒక కమిటీ, నియమాలు, బాధ్యుడు, లెక్కలు ఉన్నందుకే. కొన్నేళ్ల పాటు ఆ బాధ్యత చూసినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ఒకరు. తర్వాత గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ఈయనే. వెంకటరామారెడ్డి జీవిత చరిత్రను తెలుగులో రాసింది కూడా ఆయనే.

హాస్టల్ గ్రంథాలయం నగరంలో తెలుగు చదువుకు ఒక కేంద్రమైంది. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి తన భాషలో పుస్తకం దొరికే చోటు అది. పక్క మంచం మీద వేరే జిల్లా పిల్లవాడు. రాత్రి మాటలు, వాదనలు, స్నేహాలు. అక్కడ ఉండి చదివినవాళ్లలో తర్వాత వకీళ్లు, అధికారులు, రచయితలు, ఉద్యమకారులు అయ్యారు. నిజాం కొత్వాల్ పెట్టిన హాస్టల్ నుంచే నిజాం పాలన మీద పోరాడినవాళ్లు కూడా వచ్చారు. పిల్లవాడికి నీడ ఇచ్చేవాళ్లు వాడి ఆలోచనకు కిరాయి అడగకూడదు. ఈ హాస్టల్ చరిత్రలో నాకు అన్నింటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే.

పేరులో ఉన్న పరిమితి

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. హాస్టల్ పేరులోనే ఒక కులం ఉంది. ఆ కాలంలో భూమి, పలుకుబడి ఉన్న కులం అది. అంతకన్నా పేదవాళ్లు, పట్నంలో అసలు ఎవరూ లేనివాళ్లు ఎందరో ఉండగా మొదటి మంచం ఎవరికి దొరికింది అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు లేని పిల్లవాడికి కులం చూసి తలుపు తెరవడం పూర్తి పరిష్కారం కాదు.

అయితే ఆ హాస్టల్ చూపించిన పద్ధతి ఒక కులం దగ్గర ఆగిపోలేదు. తర్వాత హైదరాబాద్‌లో వేర్వేరు కులాలు, సమాజాలు తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టుకున్నాయి. మన సమాజంలో చూస్తే, నాంపల్లిలోని అనీస్ ఉల్ గుర్బా 1921 నుంచి యతీం పిల్లలకు నీడ ఇస్తూ వస్తోంది. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం తన మహల్‌నే అనాథ పిల్లలకు ఇచ్చేశారు. ఇప్పటికీ అది విక్టోరియా మెమోరియల్ హోమ్ పేరుతో పిల్లల చదువు కోసం నడుస్తోంది. అంటే ఆ ఇరవై, ముప్పై ఏళ్లలో రాజు, అధికారి, సమాజం ముగ్గురూ ఒకే అవసరాన్ని గుర్తించారు.

కొత్వాల్ పదవి

1920లో ఇమాద్ జంగ్ చనిపోయాక నిజాం వెంకటరామారెడ్డిని నగర కొత్వాల్‌గా నియమించారు. నిజాం పాలనలో ఆ పదవిలో కూర్చున్న మొదటి హిందువు ఆయన. కొత్వాల్ అంటే కేవలం పోలీసు కమిషనర్ కాదు. నగరంలో ఏం జరుగుతోందో నేరుగా నిజాంకు చెప్పే మనిషి. నగర శాంతి మొత్తం ఆయన భుజాల మీద ఉండేది.

ఆయన ఉన్న పద్నాలుగేళ్లు తేలికైన కాలం కాదు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల వేడి దేశమంతా ఉంది. 1922లో బ్రిటిష్ యువరాజు హైదరాబాద్ వచ్చినప్పుడు బందోబస్తు చూసింది ఈయనే. మొహర్రం ఊరేగింపు, బోనాలు, గణేశ్ ఉత్సవం ఒకే నగరంలో జరగాలి. రెండు వైపుల పెద్దలనూ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి ఆయనది. పదవీ విరమణ వయసు దాటినా నిజాం ఆయన్ను వదల్లేదు. రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ ఇచ్చింది.

ఇదే కాలంలో మన బాన్సువాడ పక్కనే మంజీర నది మీద నిజాంసాగర్ పని నడిచింది. 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. ఆ నీళ్లతోనే మన ప్రాంతం వరికి, చెరుకుకు పేరు తెచ్చుకుంది. కానీ జలాశయం కింద ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్ల జనం ఇళ్లు వదిలి వేరేచోట మళ్లీ మొదలుపెట్టారు. ఇల్లు పోవడం అంటే ఏమిటో మన ప్రాంతపు ముసలివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక తరం ఇల్లు పోగొట్టుకుంటే ఇంకో తరం పొలం పారింది.

ఆడపిల్లల చదువు విషయంలోనూ వెంకటరామారెడ్డి ముందుకొచ్చారు. మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు అండగా నిలిచిన పెద్దల్లో ఆయన ఒకరు. తెలుగులో చదువు చెప్పే బాలికల బడి ఆ రోజుల్లో నగరంలో పెద్ద సంగతి. ఆయన పేరుతోనే ఇప్పుడు నారాయణగూడలో మహిళా కళాశాల ఉంది.

చివరి రోజులు

1934లో కొత్వాల్ పదవి నుంచి దిగిపోయారు. అయినా నిజాం ఆయన్ను తన సొంత ఆస్తుల విభాగం సర్ఫ్-ఎ-ఖాస్‌లో ప్రత్యేక అధికారిగా పెట్టుకున్నారు. ఆ తర్వాతి పద్నాలుగేళ్లలో రాజ్యం వేగంగా మారిపోయింది. రైతుల తిరుగుబాటు, రజాకార్లు, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. తాను నౌకరీ చేసిన రాజ్యం ఆయన కళ్ల ముందే లేకుండా పోయింది.

1948 మన ఇళ్లలో మెల్లగా మాత్రమే మాట్లాడుకునే ఏడాది. బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా వైపు నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి హైదరాబాద్ చేరాయి. తండ్రులు లేని పిల్లలు ఎందరో నగరం వీధుల్లోకి వచ్చారు. అప్పుడు కూడా ఆదుకున్నవి రెండే. ఒకటి తెలిసినవాళ్ల ఇల్లు. రెండు అప్పటికే నడుస్తున్న సంస్థలు. కష్టం వచ్చాక సంస్థ కట్టడం కుదరదు, ముందే కట్టి ఉండాలి.

వెంకటరామారెడ్డి 1953లో కన్నుమూశారు. అప్పటికి రెడ్డి హాస్టల్‌కు ముప్పై అయిదేళ్లు. ఆయన పోయినా హాస్టల్ ఆగలేదు. 2018లో నూరేళ్లు పూర్తి చేసుకుంది. హిమాయత్ సాగర్ దగ్గర తెలంగాణ పోలీసులు శిక్షణ తీసుకునే అకాడమీకి ఆయన పేరే పెట్టారు. అకాడమీ పేరు ఆయన పదవికి గౌరవం. ఆయన పదిహేడేళ్ల వయసుకు జవాబు మాత్రం ఆ హాస్టలే.

ఇప్పుడు ఏ తలుపులు ఉన్నాయి?

ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు చట్టాలు, పథకాలు ఉన్నాయి. కానీ చాలామందికి వాటి సంగతి తెలియదు. అందుకే ఇక్కడ కొన్ని చెప్పుకుందాం.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు: ఇల్లు లేకపోయినా, చూసేవాళ్లు లేకపోయినా, ఇంట్లో ఉండలేని పరిస్థితి ఉన్నా 1098కి ఫోన్ చేయాలి. డబ్బు పడదు, పగలైనా రాత్రయినా పలుకుతారు. పిల్లలే చేయవచ్చు, పక్కింటివాళ్లు కూడా చేయవచ్చు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లలను 24 గంటల్లోపు జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకుపోవాలి. ఏ హోమ్‌లో ఉంచాలి, చుట్టాలకు అప్పగించాలా అన్నది ఆ కమిటీ చూస్తుంది. ఎవరైనా పిల్లవాడిని తెచ్చి మీ ఇంట్లో పెట్టుకోమంటే, లేదా మీరే పెట్టుకోవాలనుకుంటే, ఈ కమిటీకి చెప్పకుండా చేయవద్దు. మంచి మనసుతో చేసినా రేపు ఇబ్బంది అవుతుంది.

తల్లి ఒక్కతే ఉన్న కుటుంబాలు, చుట్టాల దగ్గర పెరుగుతున్న యతీం పిల్లలు: మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. ఎంపికైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. పిల్లవాడిని ఆశ్రమానికి పంపడం కన్నా తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర ఉంచడం మేలు. వెంకటరామారెడ్డిని నిలబెట్టింది కూడా మొదట అమ్మమ్మ ఇల్లే కదా.

చదువుతో పాటు నీడ: మైనారిటీ గురుకులాల్లో అయిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉచితంగా చదువు, తిండి, ఉండే చోటు. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరుగా. ఇల్లు నిలకడగా లేని పిల్లలకు ఇది అన్నింటికంటే గట్టి ఏర్పాటు. అడ్మిషన్ల తేదీలు పోగొట్టుకోకుండా పెద్దలు గుర్తుంచుకోవాలి.

పద్దెనిమిది నిండి హోమ్ నుంచి బయటికి వచ్చేవాళ్లు: చట్టంలో ఆఫ్టర్ కేర్ అని ఉంది. 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా, ఉండే చోటు, చదువు, పని నేర్చుకోవడానికి సాయం చేయాలి. ఇది అడగకపోతే రాదు. హోమ్ వదిలే ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఆడపిల్లలు, మహిళలు: 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం సాయం అందుతుంది. కొన్ని రోజులు అక్కడే ఉండవచ్చు. వకీలు, డాక్టర్, పోలీసు సాయం కూడా అక్కడి నుంచే. రాత్రిపూట ఇంటి నుంచి బయటికి రావాల్సి వచ్చిన అమ్మాయి బస్టాండ్‌లో కూర్చోకూడదు. ఈ నంబరు ప్రతి అమ్మాయికీ నోటికి రావాలి.

హైదరాబాద్ చేరి చోటు దొరకనివాళ్లు: నగరంలో మున్సిపల్ నైట్ షెల్టర్లు ఉన్నాయి. ఒకటి రెండు రాత్రులకు ఫుట్‌పాత్ కన్నా ఎంతో నయం. నిజానికి ఇల్లు లేనివాళ్ల షెల్టర్లకు లెక్క ఏమిటంటే, లక్ష పట్టణ జనాభాకు కనీసం వందమందికి చోటు. మన బాన్సువాడ లాంటి చిన్న మున్సిపాలిటీ ఆ లక్ష దగ్గరికి కూడా రాదు. అందుకని చిన్న పట్టణాల్లో ఇల్లు పోయిన కుర్రాడు ముందు కనిపించకుండా పోతాడు, తర్వాత నగరంలో తేలుతాడు.

ఖాళీ ఎక్కడుంది?

డబుల్ బెడ్రూం అన్నా, ఇందిరమ్మ ఇల్లన్నా కుటుంబాన్ని చూసి ఇచ్చేవి. గురుకులం ఇంటర్‌తో అయిపోతుంది. హోమ్ పద్దెనిమిదితో అయిపోతుంది. ఆఫ్టర్ కేర్ హోమ్‌లో ఉన్నవాళ్లకే. మరి మామూ ఇంట్లో పెరిగి, పద్దెనిమిదేళ్లకు ఆ ఇల్లు ఇరుకైన పిల్లవాడు? పథకాల మధ్య ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది. 1886లో వెంకటరామారెడ్డి నిలబడిన చోటు కూడా అదే.

ఈ ఖాళీని సమాజమే నింపాలి. లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని ఇరవై మంది పిల్లలను ఉంచామనుకుందాం. కిరాయి, తిండి కలిపి ఒక్కొక్కరికి నెలకు 5,000 రూపాయలు అనుకుంటే మొత్తం లక్ష. బాన్సువాడ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల నుంచి అయిదు వందల ఇళ్లు నెలకు 200 రూపాయలు ఇస్తే సరిపోతుంది. జకాత్‌లో యతీంకు, ముసాఫిర్‌కు ఎంత చోటు ఉందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రంజాన్‌లో ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెల నెలా వచ్చే చిన్న మొత్తమే హాస్టల్‌ను నడుపుతుంది. దానికి ముగ్గురు నలుగురు నమ్మకస్తులు, బ్యాంకు ఖాతా, ఏటా అందరి ముందు పెట్టే లెక్క కావాలి. అమ్మాయిలకు వేరుగా, భద్రంగా ఇంకొకటి కావాలి. తలుపు దగ్గర పిల్లవాడి కులం, మతం అడగకుండా ఉంటే రెడ్డి హాస్టల్ పేరులో ఉన్న పరిమితిని కూడా మనం దాటినట్టే.

నజర్ మహమ్మద్ ఖాన్ ఒక్క పిల్లవాడికి నీడ ఇచ్చారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక అదృష్టం బాగుంది అనుకుని ఊరుకోలేదు. తనకు దొరికినది అడ్రస్ లేకుండా పట్నం వచ్చే మిగతా పిల్లలకూ దొరకాలనుకున్నారు, దానికి గోడలు, వంటిల్లు, లెక్కల పుస్తకం ఏర్పాటు చేశారు. ఈ ఏడాది జూన్‌లో మన ఊరి నుంచి బస్సెక్కే పిల్లల్లో ఎవరికి అడ్రస్ లేదో ముందుగా కనుక్కోవడం మన వంతు. మొహల్లాకు ఒకరు ఆ పేర్లు రాసుకున్నా పని మొదలైనట్టే.